అడగని బాకీ

నాసరయ్య స్వామికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఏదైనా సందేహం అడిగితే కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి మొహంలోకి కాసేపు చూసి, "చెప్పులు తొడుక్కో నాయనా" అనేవారు. ఆ సందేహం ఎక్కడ పుట్టిందో అక్కడికి తానూ వెంట నడిచేవారు. అది పొలం గట్టు కావచ్చు, అత్తగారిల్లు కావచ్చు, ఆస్పత్రి వరండా కావచ్చు. వయసులో ఉన్నప్పుడు ఆయన మార్కాపురం పలకల మిల్లుల్లో రాయి కోసిన మనిషి. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయి, డెబ్బై దాటాక నాలుగడుగులు వేస్తే చాలు ఆయాసం వచ్చేది. అయినా నడక మానలేదు. చదువుకున్న శిష్యులు కొందరు, "దీనికి శాస్త్రంలో ఏం చెప్పారు స్వామీ?" అని పట్టుబడితే, "ఆ చెప్పినాయన కూడా ఎక్కడో తిరిగొచ్చే చెప్పుంటాడు గదా" అని నవ్వి ఊరుకునేవారు.

ఒక గురువారం పొద్దున, ఆయన ఇంటి ముందు రేకుల పాకలో తత్వాలు పాడడం అయిపోయి, అందరూ పటికబెల్లం పంచుకుంటుండగా కాశయ్య లేచి నిలబడ్డాడు. కాశయ్యకు యాభై దాటాయి. చెక్కపని చేసుకుని బతికే మనిషి. పదేళ్ళుగా ఆ పాకలో వెనక వరసలో కూర్చుంటున్నాడు గాని, నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగి ఎరగడు. అందుకే అతను లేవగానే తంబురా పక్కన పెడుతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు.

"స్వామీ, బాకీ ఉన్నవాడు తలెత్తుకుని మాట్లాడొచ్చా?" అన్నాడు కాశయ్య.

ఆ ప్రశ్న వెనక ఉన్న సంగతి ఇది. కాశయ్య మొదట్లో పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. పిల్లలు పలకలు వదిలి నోటు పుస్తకాలు పట్టాక మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నలభై దాటిన వయసులో చెక్క తప్ప మరో విద్య తెలియని మనిషి వీధిన పడ్డాడు. ఒంగోలులో ఎవరో చెక్కను గుండ్రంగా తిప్పి చెక్కే తరిమెన మిషను అమ్ముతున్నారని, అది ఉంటే మంచం కోళ్ళు, అప్పడాల కర్రలు, బొంగరాలు తీసి అమ్ముకోవచ్చని తెలిసింది. అరవై వేలు కావాలి. సొంత ఇల్లు లేనివాడికి, నెల జీతం లేనివాడికి ఎవరిస్తారు? తిరగని గుమ్మం లేదు. చివరికి ఊళ్ళో కొత్తగా తెరిచిన ఒక ఫైనాన్సు కంపెనీ నుంచి పురుషోత్తం అనే ఉద్యోగి ఇంటికొచ్చి చూశాడు. చూడడానికి ఆ ఇంట్లో ఏమీ లేదు. అతను కాశయ్య భార్య వెంగమ్మ వైపు తిరిగి, "వాయిదా రోజున మీ ఆయన ఇంట్లో లేకపోతే నువ్వు కడతావా అమ్మా?" అని అడిగాడు. "ఆయన ఉన్నా కట్టేది నేనే బాబూ" అంది వెంగమ్మ. పురుషోత్తం పెద్దగా నవ్వాడు. హామీ సంతకం పెట్టేవాళ్ళు ఎవరూ లేరని కాశయ్య గొణిగితే, "ఆ సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు. వారం తిరక్కుండా డబ్బు చేతికొచ్చింది. మిషను ఇంటికొచ్చింది.

ఇరవై నాలుగు వాయిదాల్లో పదిహేడు కట్టారు. పద్దెనిమిదో దానికి వెళ్ళేసరికి ఆఫీసు షట్టరు దించి ఉంది. మరో రెండుసార్లు వెళ్ళాడు. కంపెనీ ఎత్తేశారని పక్క కొట్టువాళ్ళు చెప్పారు. ఆ డబ్బు వెనక్కి తెచ్చి వెంగమ్మ చేతిలో పెట్టినప్పుడు కాశయ్యకు గుండెలో ఒక మూల హాయిగా అనిపించింది. ఆ హాయి గురించి అతను ఎవరికీ చెప్పలేదు. డబ్బు మాత్రం ఇంటికప్పు రేకులకు పోయింది.

ఏడేళ్ళు గడిచాయి. కార్తీకమాసంలో ఒకనాడు ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద వచ్చి దిగారు. పెద్దవాడి పేరు ప్రతాపు. ఆ కంపెనీ పాత బాకీలన్నీ తమ చేతికొచ్చాయనీ, వడ్డీలూ జరిమానాలూ కలిపి లక్షా ఎనభై నాలుగు వేలు కట్టాలనీ అన్నాడు. మొదటి రోజు 'కాశయ్యగారూ' అన్నాడు. రెండోసారి 'నువ్వు' అన్నాడు. మూడోసారికి 'ఒరే' అయింది. వీధి మధ్యన నిలబడి ఇరుగుపొరుగు వినేలా దొంగ అని అరిచేవారు. కాశయ్యకు పని ఇచ్చే కొట్ల వాళ్ళకు ఫోన్లు చేసి, వాడికి అడ్వాన్సు ఇస్తే మునుగుతారని చెప్పారు. రెండు కొట్లు పని మానేశాయి. ఒకసారి కాశయ్య లేనప్పుడు వచ్చి వెంగమ్మతో ఒక మాట అన్నారు. ఆ మాటేమిటో ఆమె ఇప్పటికీ నోటితో చెప్పలేదు. అప్పటి నుంచి కాశయ్య తలుపు మూసి మిషను ఆడించేవాడు. మోటారు సైకిలు చప్పుడు వినపడితే చాలు, స్విచ్చి ఆపి, చెక్కపొట్టులో చీకట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాడు. బయట వెంగమ్మ, "ఊళ్ళో లేడు" అని చెప్పేది. ఎన్నడూ అబద్ధమాడని మనిషి చేత రోజుకో అబద్ధం ఆడిస్తున్నానని కాశయ్యకు అన్నం సయించడం మానేసింది.

నాసరయ్య స్వామి ఇదంతా విన్నారు. "తల ఎత్తలేకపోవడం ఎందుకు నాయనా? వాళ్ళంటే భయమా?" అని అడిగారు.

"భయం ఉంది స్వామీ. అంతకంటే ఇంకోటుంది. తీసుకున్నమాట నిజం. ఏడు వాయిదాలు కట్టనిమాట నిజం. ఆఫీసు మూతపడితే లోపల సంతోషపడిన మాట కూడా నిజమే. అందుకే దొంగా అంటే కాదనడానికి నోరు రావట్లేదు."

స్వామి కాసేపు అతని మొహంలోకి చూశారు. "చెప్పులు తొడుక్కో నాయనా" అన్నారు.

కాశయ్య ఇల్లు అక్కడికి అర మైలు. ఆయన మూడుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంటూ నడిచారు. పనిచేసుకునే పాకలోకి రాగానే ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, "తలుపు బార్లా తెరువు. మిషను ఆడించు" అన్నారు.

"చప్పుడు వీధిలోకి వినపడుద్ది స్వామీ. ఈ వేళప్పుడే వాళ్ళు తిరుగుతుంటారు."

"వినపడనీ."

కాశయ్య తలుపు తెరిచాడు. చాలా రోజుల తర్వాత పాకలోకి ఎండ పడింది. మిషనుకు టేకు కర్ర బిగించి మంచం కోడు తీయడం మొదలుపెట్టాడు. ఉలి రెండుసార్లు జారింది. తర్వాత అలవాటైన పని అతన్ని తనలోకి లాక్కుంది. పదకొండు గంటలవుతుండగా మోటారు సైకిలు వచ్చి గుమ్మం ముందు ఆగింది. కాశయ్య చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది.

"చేతిలో కోడు పూర్తి చెయ్యి" అన్నారు స్వామి.

ప్రతాపు లోపలికి వచ్చాడు. వెనక రెండోవాడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఏరా, ఊళ్ళో లేవంట? ఎప్పుడొచ్చావు? ఏ రైలుకి?" అన్నాడు ప్రతాపు. ఆ కేకకు వెంగమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు.

"కూచోండి నాయనా, ఎండన పడి వచ్చారు. అమ్మాయ్, మంచినీళ్ళు తెచ్చిపెట్టు" అన్నారు స్వామి.

"నువ్వెవరు పెద్దాయనా?"

"ఈయన దగ్గరికి వచ్చిపోయేవాణ్ణి. మీ పనికి అడ్డం రాను. నాకు ఒక్కటే తెలుసుకోవాలనుంది." ఆయన కాశయ్య వైపు తిరిగారు. "ఆ అప్పు నీకెవరిచ్చారు నాయనా?"

"ఫైనాన్సు కంపెనీ స్వామీ."

"కంపెనీకి చేతులుంటాయా? ఎవరి చేత్తో ఇచ్చారు?"

కాశయ్య మిషను ఆపాడు. కాళ్ళ దగ్గర పడిన పొట్టు వైపు చూస్తూ, వినపడీ వినపడనట్టుగా, పురుషోత్తం అనే ఆయన ఇచ్చాడని మొదలుపెట్టాడు. అంతకుముందు పదకొండు మంది లేదన్నారని చెప్పాడు. లేదన్నవాళ్ళ పేర్లు ఒక్కటి కూడా మర్చిపోలేదు గాని, ఆ రోజు ఎవరి పేరూ ఎత్తలేదు. పురుషోత్తం తమ ఇంటికొచ్చి వెలిసిపోయిన చాప మీద కూర్చుని, చక్కెర లేని టీ తాగి బాగుందన్నాడని చెప్పాడు. మిషను లారీ దిగిన రోజున మనుషులు సరిపోకపోతే ఆయనే చొక్కా చేతులు మడిచి భుజం పట్టాడని, తెల్ల చొక్కాకు గ్రీజు అంటుకుంటే, "పోనీలేవయ్యా, నేను పనిచేసినట్టు ఆఫీసులో రుజువుండాలిగా" అని నవ్వాడని చెప్పాడు. మిషనుకు పసుపు కుంకుమ పెట్టి మొదట తీసిన అప్పడాల కర్ర ఆయన చేతికే ఇచ్చామని చెప్పాడు. చెబుతూ చెబుతూ అతను ఎప్పుడు తలెత్తాడో అతనికే తెలియదు. నెలల తరబడి ఆ అప్పు పేరు చెబితే తిట్లూ కేకలూ తప్ప మరోటి గుర్తొచ్చేది కాదు. ఇప్పుడు గ్రీజు మరక గుర్తొచ్చింది, ఆ నవ్వు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఇంట్లో పొయ్యి ఆరకపోవడం గుర్తొచ్చింది. అంత మంచి రోజును తాను ఇంతకాలం సిగ్గుకింద కప్పి పెట్టుకున్నానని అనిపించింది.

"కథలు చెప్పమాకు. డబ్బు సంగతి చెప్పు" అన్నాడు ప్రతాపు. ఈలోగా రెండోవాడు మిషను దగ్గరికి వచ్చి దాని మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. "ఇది బండెక్కిస్తే ఎంతో కొంత వచ్చిద్ది" అన్నాడు.

"చెయ్యి తియ్యండి" అన్నాడు కాశయ్య.

అరవలేదు. మామూలు గొంతే. కాని వెంగమ్మ ఉలిక్కిపడి అతని వైపు చూసింది. ఆ గొంతు ఆమె విని చాలా కాలమైంది. రెండోవాడు చెయ్యి తీశాడు.

"అయ్యా, నేను అప్పు తీసుకున్నా, కాదనను. ఏడు వాయిదాలు ఉండిపోయినయి, అదీ కాదనను. అది ఎవరికి చెందాలో వాళ్ళకు కట్టుకుంటా. ఆ చెందేవాళ్ళు మీరే అయితే కాగితం చూపించండి. నా పేరు, ఆ కంపెనీ పేరు, మీ పేరు ఉన్న కాగితం. చూపిస్తే ఇవాళే ఒక వాయిదా ఇస్తా. లేదంటే కోర్టులో వేసుకోండి, పిలిచిన రోజున వచ్చి నిలబడతా. నా ఇంటి ఆడమనిషిని మాత్రం ఇంకొక్క మాట అనొద్దు."

"మేం తీసుకుంది డబ్బేనయ్యా," అంది వెంగమ్మ, "తిట్లు కూడా తీసుకుంటామని ఎక్కడా వేలిముద్ర వెయ్యలా."

ప్రతాపు జేబులోంచి ఫోను తీసి, వేలితో పైకీ కిందికీ జరిపి, ఒకచోట ఆపి అందరికీ చూపించాడు. "కాగితమంటావేంది? ఇదిగో జాబితా. ఇదిగో నీ పేరు. కళ్ళు కనపడతన్నయ్యా?"

స్వామి ముందుకు వంగి చూశారు. "ఓటర్ల జాబితాలో కూడా ఉంది నాయనా ఆయన పేరు" అన్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వారు. ప్రతాపు మొహం జేవురించింది. వెంగమ్మ తెచ్చిన మంచినీళ్ళు ముట్టుకోకుండా, వారంలో మళ్ళీ వస్తామనీ, మిషను ఎట్లా నిలబడుతుందో చూస్తామనీ బెదిరించి వెళ్ళిపోయారు. మోటారు సైకిలు చప్పుడు దూరమయ్యాక కాశయ్య ఉలి కింద పెట్టాడు. పొట్టులోనే కూలబడ్డాడు. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. "వాళ్ళు మళ్ళీ వస్తారు స్వామీ. ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు.

"నన్నడుగుతావేంది?" అన్నారు స్వామి, పీట మీద నుంచి లేస్తూ. "ఇచ్చినాయన పేరు నీ నోటితోనే చెప్పావుగా." ఆ మాట అని, ఆయాసపడుతూ వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం వెంగమ్మ ఊరుకోలేదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళి, జరిగింది జరిగినట్టు రాయించి ఇచ్చింది. హెడ్ కానిస్టేబులు అంతా చదివి, "అప్పు ఉంటే కోర్టుకెళ్ళి అడగాలి గాని ఇంటి మీద పడి అరిచే హక్కు ఎవరికీ లేదమ్మా. మళ్ళీ వస్తే మాకు ఫోను చెయ్యి" అని తన నంబరు ఇచ్చాడు. ఇంతకాలం ఆ గుమ్మం ఎక్కడానికి తామెందుకు జంకారో ఇద్దరికీ అర్థం కాలేదు. మర్నాడు కాశయ్య, కంపెనీ ఆఫీసు ఉండిన వీధిలో టీ కొట్టువాళ్ళను అడిగి, పురుషోత్తం ఇప్పుడు కంభంలో జిరాక్సు కొట్టు పెట్టుకున్నాడని తెలుసుకున్నాడు. ఇంట్లో ఉన్న మూడు వేలు, ఒక వాయిదా మొత్తం, రుమాలులో కట్టుకుని బస్సెక్కాడు.

కొట్టు చిన్నది. పురుషోత్తం చిక్కిపోయాడు, జుట్టంతా నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. ఎన్ని కాపీలు కావాలని అడుగుతూ తలెత్తి, ఆగిపోయాడు. తర్వాత మొహం విప్పారింది.

"అప్పడాల కర్ర కాశయ్య! మా ఆవిడ ఇప్పటికీ దాంతోనే చేస్తదయ్యా" అన్నాడు.

కాశయ్య రుమాలు విప్పి డబ్బు బల్ల మీద పెట్టి, చేతులు జోడించి, మిగిలిన వాయిదాలు ఎవరికి కట్టాలో తెలియక వచ్చానని, అరుస్తున్న మనుషుల సంగతి, అంతా చెప్పాడు. పురుషోత్తం లేచి, వెనక బీరువాలోంచి అట్ట ఫైలొకటి తీసి, అందులో ఒక కాగితం వెతికి కాశయ్య ముందు పెట్టాడు. కంపెనీ ముద్ర ఉంది. కాశయ్య పేరుంది. బాకీ పూర్తిగా చెల్లిందని రాసి ఉంది. తేదీ, కంపెనీ మూతపడిన నెలదే.

"ఎవరు కట్టారు సార్?" అన్నాడు కాశయ్య. అడుగుతుండగానే అతనికి తెలిసిపోయింది.

"నీకు హామీ సంతకం ఎవరు పెట్టారనుకున్నావు?" అన్నాడు పురుషోత్తం. "కంపెనీ ఎత్తేసేటప్పుడు మా ఉద్యోగుల డిపాజిట్లు తిరిగిచ్చారు. నా దాంట్లో నీ ఏడు వాయిదాలు పట్టుకుని మిగిలింది ఇచ్చారు. ఇది నా కాపీ. అసలుది నీకు పోస్టులో పంపమని ఆఫీసులో చెప్పి వచ్చా. పంపలేదన్నమాట. ఇంతకాలం నీ దగ్గర ఉందనే అనుకుంటన్నా."

షట్టరు దించి ఉన్న ఆఫీసు, ఆ రోజు గుండెలో కలిగిన హాయి, దాని వెంట ఈ మనిషి చేతిలోంచి జారిపోయిన ఇరవై ఒక్క వేలు, అన్నీ ఒక్కసారిగా కాశయ్య కళ్ళముందు నిలబడ్డాయి. "నన్నెందుకు అడగలేదు సార్? ఒక్క మాట చెప్పి పంపినా..."

"అడుగుదామనే వచ్చానయ్యా. ఉద్యోగం పోయిన కొత్తలో చాలా కష్టంగా ఉండేది. బస్సెక్కి మీ వీధి మొగదాకా వచ్చా. లోపల నీ మిషను ఆడుతున్న చప్పుడు వినపడింది. ఆడుతోందిగదా అనిపించింది. వెనక్కొచ్చేశా." పురుషోత్తం కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "అంత గొప్పోణ్ణేం కాదులే. ఇంటికొచ్చాక నిన్ను తిట్టుకున్న రోజులున్నాయి. మా ఆవిడ తిట్టని రోజులు తక్కువ. కాని నోరు తెరిచి అడగడం మాత్రం నా వల్ల కాలా."

కాశయ్య బల్ల మీది డబ్బును రెండు చేతులతో ముందుకు జరిపాడు. నెలకొక వాయిదా తానే తెచ్చి ఇస్తానన్నాడు. పురుషోత్తం ఆ నోట్ల వైపు చూశాడు. "వద్దనేంత స్థితిలో లేనయ్యా. పైగా ఇది వద్దంటే నువ్వు నిద్రపోలేవని నీ మొహం చెబుతోంది" అని, డబ్బు తీసి కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. కొట్టు మూసి కాశయ్యను ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య సరస్వతి, వచ్చింది ఎవరో విని గుమ్మంలో ఒక క్షణం బిగుసుకుంది. తర్వాత పీట వాల్చి, వేడన్నంలో గోంగూర పచ్చడి, ముద్దపప్పు వడ్డించింది. కాశయ్య నెలల తర్వాత కడుపు నిండా తిన్నాడు. నెయ్యి వేస్తూ ఆమె, "మిషను బాగా ఆడుతోందా అన్నయ్యా?" అని అడిగింది. ఆ అన్నయ్య అన్న పిలుపుకు కాశయ్య కంచంలో రెండు కన్నీటి చుక్కలు పడ్డాయి. పచ్చడి కారమనుకుని ఆమె మరికాస్త నెయ్యి వేసింది.

వారం తర్వాత ప్రతాపు, రెండోవాడు వచ్చేసరికి పాక తలుపులు తెరిచే ఉన్నాయి. మిషను ఆడుతూనే ఉంది. కాశయ్య చేతిలో పని ముగించి, చేతులు దులుపుకుని, పురుషోత్తం తీసి ఇచ్చిన జిరాక్సు కాగితం ప్రతాపు చేతికిచ్చాడు. అతను రెండుసార్లు చదివాడు. ముద్ర ఉన్న చోటును ఎండకు పెట్టి చూశాడు. అప్పటికి స్టేషను నుంచి అతనికి ఒక ఫోను కూడా వెళ్ళి ఉంది. గొంతులో పాత జోరు లేదు.

"మాకిచ్చిన జాబితాలో మీ పేరుంది, వచ్చాం. ఈ కాగితమేదో ముందే చూపిస్తే అయిపోయేదిగా" అన్నాడు.

"ముందు నా దగ్గర లేదు బాబూ. మీరొచ్చి అరవకపోతే ఇప్పటికీ ఉండేది కాదు. ఎవరికి ఎంత బాకీ ఉన్నానో తెలీకుండానే పోయేవాణ్ణి." ఎగతాళికి అన్న మాట కాదది. ప్రతాపుకు అది అర్థమయినట్టే ఉంది. వెంగమ్మ ఇచ్చిన మంచినీళ్ళు ఆ రోజు ఇద్దరూ తాగారు. జాబితాలోంచి పేరు తీయిస్తామని చెప్పి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. పని మానేసిన రెండు కొట్లలో ఒకటి నెల తిరక్కముందే యాభై అప్పడాల కర్రలకు కబురు పెట్టింది. రెండోది పెట్టలేదు.

తర్వాత కాశయ్య ప్రతినెలా మొదటి ఆదివారం కంభం వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళిన నెలలున్నాయి, వెంగమ్మతో కలిసి వెళ్ళిన నెలలున్నాయి. ఏడో వాయిదా ఇచ్చి వచ్చిన తర్వాతి గురువారం నాసరయ్య స్వామి పాకకు వచ్చి, తత్వాలయ్యాక ఆయన పాదాలకు దండం పెట్టి జరిగినదంతా చెప్పాడు. వింటున్నవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఇరవై ఒక్క వేలకు ఏడేళ్ళ వడ్డీ ఇవ్వక్కర్లేదా అని ఒకాయన అడిగాడు. ఇవ్వబోతే సరస్వతమ్మ తిట్టిందని కాశయ్య చెప్పాడు.

"అంతా బాగానే ఉంది గాని స్వామీ, ఆ రోజు నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదు" అన్నాడు చివరికి.

స్వామి పటికబెల్లం ముక్క అతని చేతిలో పెట్టారు. "కంభంలో అన్నం పెట్టారంటివే. తల ఎత్తుకుని తిన్నావా, వంచుకుని తిన్నావా?"

కాశయ్య గుర్తు తెచ్చుకున్నాడు. "వంచుకునే స్వామీ. ఎత్తలేకపోయా."

"మెడ నొప్పి పుట్టిందా?"

"లేదు స్వామీ. ఇంకాసేపు అట్లాగే ఉండాలనిపించింది."

"అయితే తల ఉన్నది ఎత్తడానికొక్కదానికే కాదన్నమాట" అన్నారు స్వామి.